వేరుశనగ పీకడం నుంచి నిల్వ దాకా: మనుషులకూ యంత్రాలకూ పని పంచే విధానం

అనంతపురం జిల్లా ఎర్రనేలల్లో వేరుశనగ పండించడం ఒక ఎత్తయితే, పండిన కాయను పొలం నుంచి ఇంటికి చేర్చడం మరో ఎత్తు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట విత్తడానికి సరిపడా పదును వాన ఒకటి పడగానే ఊరంతా ఒకేసారి విత్తుతుంది. అంటే పీకే రోజులు కూడా అందరికీ ఒకేసారి వస్తాయి. కూలీలు, ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రాలు అందరికీ అదే వారంలో కావాలి. పైగా అది అక్టోబరు, నవంబరు నెలల కాలం. ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతం తుపాన్లు ఎప్పుడు మీద పడతాయో తెలియదు. నాలుగు నెలల కష్టం సాళ్లలో ఆరుతూ ఉండగా వాన కురిస్తే కాయ నల్లబడుతుంది, కట్టె (కాయ తీశాక మేతగా మిగిలే చెట్టు) కుళ్లుతుంది.

ఇక్కడ చెప్పేది ఐదెకరాల వర్షాధార రైతును దృష్టిలో పెట్టుకున్న పద్ధతి. రెండెకరాలున్నా పదెకరాలున్నా లెక్కలు మారతాయి గానీ పద్ధతి మారదు. ఉన్న పనిని ఉన్న మనుషులకు సమానంగా పంచితే చాలదు. ఏ పని ఆగితే మిగతా పనులన్నీ ఆగిపోతాయో ముందు దాన్ని పట్టుకోవాలి. అది ఒక్క గంట కూడా ఖాళీగా నిలబడకుండా మిగతా మనుషులను, యంత్రాలను దాని చుట్టూ సర్దాలి.

1. పనిని విడగొట్టి కాగితం మీద పెట్టండి

పీకడానికి పది, పదిహేను రోజుల ముందే కూర్చుని పనులన్నీ వరుసగా రాయండి. పక్వానికి వచ్చిందో లేదో చూడడం, నేల తడి చూడడం, గుంటకతోనో ట్రాక్టరుతోనో నేల వదులు చేయడం, చెట్లు పీకి మట్టి దులపడం, కాయలు పైకి ఉండేలా సాళ్లలో ఆరేయడం, కుప్ప వేయడం, యంత్రానికి అందించడం, కాయ పట్టడం, తూర్పారబట్టడం, కాయ ఆరబెట్టడం, పుచ్చులు ఏరడం, సంచులకెత్తడం, కట్టె వామి వేయడం, పొలంలో మిగిలిన పరిగె ఏరడం. ఇన్ని పనులను ‘వేరుశనగ పీకుతున్నాం’ అని ఒక్క మాటలో చెప్పుకుంటాం కాబట్టే మనుషులు ఎక్కడ చాలలేదో, ఎక్కడ ఎక్కువయ్యారో తెలియదు.

ప్రతి పని పక్కన రెండు విషయాలు రాయండి: అది మొదలు కావాలంటే ఏ పని పూర్తి కావాలి, మనుషులు పెరిగితే అది త్వరగా అవుతుందా. రెండోది చాలా ముఖ్యం. పీకడానికి ఇద్దరి బదులు నలుగురొస్తే సగం సమయంలో అవుతుంది. ఆరడం అలా కాదు. ఎండకు మూడు రోజులు పట్టే చోట ముప్పై మంది కూలీలున్నా మూడు రోజులే. నూర్పిడి యంత్రం మింగే వేగం కూడా అంతే. ఈ రెండూ మన ఆధీనంలో లేనివి కాబట్టి తేదీలు వీటి నుంచే మొదలవ్వాలి.

2. పక్వం చూసే బాధ్యత ఒక్కరికే ఇవ్వండి

ఇంట్లో నలుగురు నాలుగు మాటలంటే పీకే రోజు తేలదు. అనుభవమున్న ఒకరికి ఈ పని అప్పగించి వారి మాటే చివరిదిగా పెట్టుకోండి. పొలంలో నాలుగైదు చోట్ల, గట్టు పక్కన కాకుండా లోపలి నుంచి, చెట్లు పీకి కాయలు విప్పి చూడాలి. పెంకు లోపలి గోడ తెల్లగా ఉంటే కాయ ఇంకా లేత. ముదిరే కొద్దీ అక్కడ గోధుమ మచ్చలు పడి, తర్వాత నల్లబడుతుంది. నాలుగు కాయల్లో మూడింటికి లోపల నల్లబడితే పీకవచ్చు. ఆకు పండుబారడం ఒక్కదాన్నే నమ్మకండి. తిక్క ఆకుమచ్చ తెగులు సోకినా, బెట్ట తగిలినా ఆకు ముందే రాలుతుంది.

ఆలస్యం చేయడమూ ప్రమాదమే. ఇక్కడ ఎక్కువగా వేసే గుత్తి రకాల్లో (చెట్టు మొదట్లోనే గుత్తిగా కాసేవి) విత్తనానికి నిద్రావస్థ, అంటే మొలకెత్తకుండా ఆగే కాలం, తక్కువ. ముదిరిన పంట మీద వాన పడితే కాయ నేలలోనే మొలకెత్తుతుంది. నేల మరీ గట్టిపడ్డాక పీకితే కాయను చెట్టుకు కలిపే ఊడలు తెగి కాయ మట్టిలోనే ఉండిపోతుంది.

3. యంత్రాన్ని ముందు మాట్లాడండి, కూలీలను ఆ తర్వాత

చాలామంది కూలీలను పిలిచి, పీకించి, ఆరాక యంత్రం కోసం పరుగెడతారు. అప్పటికి యంత్రం పక్క ఊళ్లో ఉంటుంది. తేదీలను వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావడమే సరైన పద్ధతి. ఉదాహరణకు ఒక లెక్క చూద్దాం.

ఒక మనిషి రోజుకు పది సెంట్లు పీకి ఆరేస్తారనుకోండి. ఐదెకరాలంటే 500 సెంట్లు, 50 మంది రోజు కూలి. ఎండ బాగుంటే చెట్లు ఆరడానికి మూడు రోజులు. ఇప్పుడు రెండు దారులున్నాయి. పది మందిని పెడితే ఐదు రోజులు పీకుతారు. చివరి రోజు పీకింది ఎనిమిదో రోజుకు ఆరుతుంది, తొమ్మిదో రోజు నూర్పిడి. ఇరవై ఐదు మందిని పెడితే రెండు రోజుల్లో పీకడం అయిపోతుంది, ఐదో రోజుకు మొత్తం ఆరుతుంది, ఆరో రోజు నూర్పిడి. రెండు దారుల్లోనూ కూలి ఖర్చు అదే 50. కానీ మొదటి దారిలో పంట మూడు రోజులు ఎక్కువగా ఆకాశం కింద ఉంటుంది. అంతేకాదు, మొదటి రోజు పీకిన చెట్లు అతిగా ఎండి, ఎత్తేటప్పుడు ఆకు రాలి, కాయ రాలి, కట్టె విలువ పోతుంది.

అందుకే ‘ఎంత మంది దొరికితే అంత మంది’ అనే లెక్క వద్దు. యంత్రం వచ్చే తేదీని బట్టి ఎంత మంది కావాలో తేల్చుకోండి. ఇరవై ఐదు మంది దొరకని ఊళ్లలో పక్క పొలాల రైతులు ఇద్దరు ముగ్గురు కలవాలి. మొదటి రెండు రోజులు అందరూ ఒకరి పొలంలో, తర్వాతి రెండు రోజులు మరొకరి పొలంలో బదులు పని చేసుకుంటే యంత్రాన్ని కూడా ఒకే చుట్టులో మూడు పొలాలకు తిప్పుకోవచ్చు. యంత్రం యజమానికీ తిరుగుడు తగ్గుతుంది కాబట్టి తేదీ గట్టిగా ఇస్తారు.

పది సెంట్లు అనేది మీ పొలానికి సరిపోకపోవచ్చు. నేల, తడి, చెట్ల సాంద్రత బట్టి మారుతుంది. 30 సెంటీమీటర్ల సాలుకు పది సెంటీమీటర్లకొక మొక్క చొప్పున ఉంటే ఎకరానికి లక్షా ముప్పై వేలకు పైగా మొక్కలు. ఇంటి మనుషులు ఇద్దరు ఒక ఉదయం గంటసేపు పీకి, ఎన్ని సెంట్లయిందో అడుగులతో కొలిచి చూస్తే మీ లెక్క మీకు దొరుకుతుంది. మధ్యాహ్నం ఎండలో వేగం తగ్గుతుందని మాత్రం మరచిపోకండి.

4. ఏది యంత్రానికి, ఏది చేతికి

ట్రాక్టరు వెనక బ్లేడు కట్టి లేదా ఎద్దులతో గుంటక తోలి కాయల కింద నేలను కోయిస్తే పీకే పని సగానికి సగం తేలికవుతుంది. బ్లేడు కాయల కిందుగా పోతోందా, కాయలను కోస్తోందా అన్నది మొదటి సాలులోనే చూడాలి. నాలుగు చెట్లు ఎత్తి తెగిన కాయలు కనిపిస్తే లోతు పెంచమనండి. నేల పొడిగా గడ్డలు లేస్తుంటే ఆ రోజుకు ఆపేయండి. బోరు ఉన్నవారు తేలికగా ఒక తడి ఇచ్చి, నేల పదునుకు వచ్చాక మొదలుపెట్టడం మేలు. ఎద్దులైనా ట్రాక్టరైనా, ఒక రోజులో మనుషులు ఏరగలిగినంత మేరే తోలించండి. ముందే మొత్తం తోలిస్తే వదులైన నేలలో చెట్టు వాడి, కాయ ఊడ దగ్గర బలహీనపడి రాలుతుంది.

విత్తనానికి ఉంచుకునే ఎకరం, అరెకరం మాత్రం వేరు చేయండి. యంత్రం దెబ్బకు పెంకు చిట్లిన కాయ విత్తనానికి పనికిరాదు, ఆ చిట్లు గుండానే బూజు లోపలికి దిగుతుంది. విత్తనపు కాయను చేత్తో దూయించడం నెమ్మదే, కూలి ఎక్కువే. అయినా వచ్చే ఏడాది మొలక శాతం అక్కడే ఖాయమవుతుంది కాబట్టి ఇక్కడ పొదుపు చేయవద్దని నా గట్టి అభిప్రాయం.

5. జట్లు కట్టడం, హద్దులు గీయడం

ఇరవై ఐదు మందిని ఒకే వరుసలో నిలబెడితే అందరూ నెమ్మదిగా పీకే వారి వేగానికి దిగుతారు, లేదా వారు వెనకబడి నొచ్చుకుంటారు. ఐదేసి మంది జట్లు చేయండి. ఒక్కో జట్టులో చేయి తిరిగిన వారు ఇద్దరైనా ఉండాలి. తల్లీకూతుళ్లను, తోటికోడళ్లను, ఇష్టపడి కలిసి వచ్చిన వారిని విడదీయకండి. జట్టు లోపల కూడా పని విడగొట్టవచ్చు: ముగ్గురు పీకి దులుపుతారు, ఇద్దరు అందుకుని కాయలు పైకి తిప్పి ఆరేస్తారు. గంటకొకసారి స్థానాలు మారాలి. వంగి చేసే పని రోజంతా ఒకరి నడుము మీదే పడకూడదు.

హద్దుల విషయంలో మన జిల్లా పద్ధతే ఒక సౌకర్యం. ఏడు లేదా పదకొండు సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేయడం ఇక్కడ అలవాటు. వేరుశనగ తీసే నాటికి కంది నిలువెత్తున పచ్చగా ఉంటుంది, దూరం నుంచి కూడా కనిపిస్తుంది. దాన్నే హద్దుగా పెట్టుకోండి. “అక్కా, ఈ కంది సాలు నుంచి ఆ కంది సాలు దాకా మీ జట్టుది” అని చెబితే తాడు పట్టి కొలవాల్సిన పని లేదు, గొడవ లేదు. ట్రాక్టరు తోలేవారికి కూడా ముందే చెప్పండి, మలుపులో కంది చెట్లు నలగకూడదు.

రోజు కూలి ఇవ్వాలా, గుత్తకు (పని మొత్తానికి ఒక రేటు మాట్లాడి) ఇవ్వాలా అన్న ప్రశ్న ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. నేను చూసిన మేరకు ఒక తేలిక నియమం సరిపోతుంది: పని బాగా జరిగిందో లేదో తర్వాత కళ్లతో చూసి చెప్పగలిగితే గుత్త, చెప్పలేకపోతే రోజు కూలి. సంచులు ఎత్తడం, బండికి నింపడం, కుప్ప వేయడం గుత్తకు ఇవ్వవచ్చు. సంచులు ఎన్నో లెక్క తేలుతుంది. పీకడం గుత్తకిస్తే వేగం పెరుగుతుంది, కానీ నేలలో మిగిలిన కాయ ఎవరికీ కనిపించదు. తప్పనిసరై గుత్తకే ఇస్తే ప్రతి జట్టు పీకిన చోట గజం పొడవు సాలు తవ్వి చూస్తామని మేస్త్రీతో ముందే మాట్లాడుకోండి. మధ్యలో చెప్పకుండా తవ్వితే అనుమానించినట్టు ఉంటుంది, ముందే చెబితే అదొక ఒప్పందం.

కూలి రేటు గురించి ఒక మాట సూటిగా చెప్పాలి. పీకడం, దూయడం, ఏరడం ఆడవాళ్ల పనులనీ, యంత్రం దగ్గర పని మగవాళ్లదనీ విడదీసి, రెండింటికీ రేటులో తేడా పెట్టడం చాలా చోట్ల ఉంది. రోజంతా వంగి పీకే శ్రమ, సంచి పట్టుకునే శ్రమ కంటే ఏ లెక్కలోనూ తక్కువ కాదు. ఒకే పనికి ఆడా మగా తేడా లేకుండా కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. పని పేరు మార్చి రేటు తగ్గించడం అన్యాయం. రైతుకు కూడా అందులో నష్టమే ఉంది: కూలి తక్కువని తెలిసిన జట్టు మరుసటి రోజు ఇంకో పొలానికి వెళుతుంది, యంత్రం తేదీ మాత్రం మారదు.

6. చేతిలో పని లేని మనిషి ఒకరు కావాలి

యజమాని కూడా వంగి పీకుతుంటే చూడడానికి బాగుంటుంది కానీ పొలం మొత్తం చూసేవారు ఉండరు. ఒకరు, యజమానైనా మేస్త్రీ అయినా, ఏ జట్టులోనూ లేకుండా తిరుగుతూ ఉండాలి. ఎక్కడ పని పేరుకుంటోంది, ఎక్కడ చేతులు ఖాళీగా ఉన్నాయి అని చూసి మనుషులను మార్చడమే ఆయన లేదా ఆమె పని. నీళ్ల కుండ నింపించడం, భోజనం వేళ చూడడం, యంత్రం వారితో ఫోను మాట్లాడడం, సాయంత్రం ఆకాశం చూసి పట్టలు తీయించడం కూడా వారిదే. ఈ ఒక్క కూలి దండగ అనుకునేవారు చాలామంది. మిగతా ఇరవై ఐదు మంది కూలి సద్వినియోగం కావడం దీని మీదే ఆధారపడి ఉంది.

7. నూర్పిడి రోజు

మూడు రోజులు ఆరిన చెట్టు నుంచి కాయ తీసి చెవి దగ్గర ఆడిస్తే గింజ కదిలిన చప్పుడు వినిపించాలి. వినిపించని చోట ఆ సాలును పక్కన పెట్టండి. పచ్చి కట్టె యంత్రంలో చుట్టుకుంటే గంట పోతుంది. చెట్లను ఎత్తి కుప్ప వేయడం తెల్లవారుజామున చేయాలి. మంచు తడికి ఆకు మెత్తబడి రాలదు. కానీ ఆ కుప్పను వెంటనే యంత్రానికి పెట్టకండి, పొద్దెక్కి తడి పోయాక మొదలుపెట్టండి.

యంత్రాన్ని నిలిపే చోటు సగం పనిని నిర్ణయిస్తుంది. దుమ్ము, పొట్టు ఎగిరే వైపు గాలికి దిగువన ఉండాలి, మనుషులు ఎగువన. కుప్ప యంత్రం నోటికి నాలుగైదు అడుగుల దూరంలో ఉంటే అందించేవారికి నడక తగ్గుతుంది. అంతకంటే దగ్గరైతే కాలు తట్టుకుని యంత్రం మీద పడే ప్రమాదం ఉంది.

పన్నెండు మంది ఉంటే ఇలా మొదలుపెట్టవచ్చు. కుప్ప నుంచి కట్టె తెచ్చేవారు నలుగురు, యంత్రం నోటికి అందించేవారు ఇద్దరు, వెనక కట్టె లాగేవారు ఇద్దరు, కాయ పడే చోట ఒకరు, సంచులకెత్తేవారు ఇద్దరు, చూసే మనిషి ఒకరు. అరగంట గడిచాక చూడండి. నోటి దగ్గర కట్టె పేరుకుంటే తెచ్చేవారిలో ఒకరిని వెనక కట్టె లాగే చోటికి పంపండి. అందించేవారు చేతులు ముడుచుకుని నిలబడితే తెచ్చేవారు చాలలేదని అర్థం. వెనక కట్టె గుట్ట పడి యంత్రం ఊపిరాడక మొరాయిస్తే అక్కడ ఇంకొకరు కావాలి. కాగితం మీద వేసుకున్న పంపకం మొదటి గంటకే మారుతుంది, మారాలి కూడా.

యంత్రం సరిగా పనిచేస్తోందో తేల్చడానికి రెండు పరీక్షలున్నాయి. కాయ పడే చోట దోసెడు తీసి నూరు కాయలు లెక్కపెట్టి చిట్లినవి ఎన్నో చూడాలి. వెనక కట్టెలో ఒక చంక పట్టు తీసి దులిపి, కాయ మిగిలిందేమో చూడాలి. చిట్లినవి ఎక్కువైతే వేగం తగ్గించమనాలి, కట్టెలో కాయ మిగులుతుంటే కాస్త పెంచమనాలి. రెండూ ఒకదానికొకటి ఎదురు కాబట్టి ఈ రెండు పరీక్షలూ ఒకే మనిషి చేయాలి. వేర్వేరు మనుషులు చూస్తే ఒకరు తగ్గించమంటారు, మరొకరు పెంచమంటారు.

ఇక జాగ్రత్తలు. వీటిలో ఒక్కటి కూడా సర్దుకుపోవద్దు. ట్రాక్టరు నుంచి యంత్రానికి శక్తినిచ్చే తిరిగే షాఫ్టు మీద కప్పు ఉండాలి, లేకపోతే ఆ యంత్రాన్ని వెనక్కి పంపండి. దాని మీదుగా ఎవరూ దాటకూడదు. చీర కొంగు నడుముకు దోపుకోవాలి, జుట్టు ముడి వేయాలి, తువ్వాలు మెడలో వేలాడకూడదు, చేతికి గాజులు, దారాలు ఉన్నవారు నోటి దగ్గర నిలబడకూడదు. ఇరుక్కున్న కట్టెను యంత్రం తిరుగుతుండగా చేత్తో లాగకూడదు, ట్రాక్టరు ఆపించాకే తీయాలి. అందించేవారిని గంటకొకసారి మార్చాలి, అలసిన చేయి ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉన్నా వేళ్లు పోతాయి. మద్యం తాగినవారిని ఎంత దగ్గరి బంధువైనా యంత్రం దరిదాపులకు రానివ్వకండి. పిల్లలు పొలంలోకి రాకూడదు. చీకటి పడ్డాక ఇంకో గంటలో అయిపోతుందని కొనసాగించకండి.

8. వాన వస్తే ఎవరు ఎటు

వాన వస్తే ఎవరు ఏం చేయాలన్న పంపకం ముందు రోజు సాయంత్రమే చెప్పి ఉంచాలి, మబ్బు పట్టాక కాదు. ముందుగా కాపాడాల్సింది నూర్చిన కాయ, తర్వాత కుప్ప వేసిన పంట, ఆఖరున సాళ్లలో ఉన్నది. సంచులకెత్తేవారు కాయ మీద పట్ట కప్పాలి, కట్టె తెచ్చే నలుగురు కుప్ప మీద కప్పాలి, మిగతావారు సాళ్లలో సగం ఆరిన చెట్లను చిన్న చిన్న మోపులుగా చేర్చాలి. పట్టలు ఎవరి ఇంట్లో ఉన్నాయో వెతికే పరిస్థితి రాకుండా పొలంలోనే పెట్టుకోండి. వాన వెలిశాక తడిసిన మోపులను మళ్లీ పరచకుండా వదిలేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది.

9. కాయ ఇంటికి చేరాక

ఇక్కడి నుంచి కూలీల అవసరం తగ్గి ఇంటి మనుషుల పని మొదలవుతుంది. నూర్చిన కాయను పలుచగా ఆరబోసి తేమ తొమ్మిది శాతం మించకుండా చూడాలి. తేమ కొలిచే పరికరం అందుబాటులో లేకపోతే గింజను వేళ్ల మధ్య రుద్దండి. పొర సులువుగా ఊడి, గింజ పుటుక్కున విరిగితే ఆరినట్టు. తేమ మిగిలితే ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ విషం తయారవుతుంది. అది కాలేయానికి చేటు చేస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. చివరి దశలో బెట్టకు గురైన పంటలో ఈ ముప్పు మరీ ఎక్కువ. ముడుచుకున్న, చిట్లిన, బూజు పట్టిన కాయలను ఏరి తీసేయాలి. ఏరే పనికి వేగం లెక్క పెట్టకండి. పెద్దవాళ్లు నీడపట్టున కూర్చుని నిదానంగా చేసేది ఇదే. ఏరి తీసినవి పశువులకూ కోళ్లకూ వేయకండి.

సంచులు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు దూరంగా పేర్చాలి. విత్తనపు కాయ సంచుల మీద పెద్ద అక్షరాలతో రకం పేరు రాయండి. విత్తనాన్ని కాయగానే నిల్వ ఉంచి, విత్తే ముందు మాత్రమే ఒలవాలి. కట్టె వామి వేయడం చేయి తిరిగిన పెద్దవారికి అప్పగించండి, వామి నెత్తి సరిగా వాలుగా రాకపోతే మొదటి వానకే నీళ్లు లోపలికి దిగి మేత పాడవుతుంది.

10. వచ్చే ఏడాది పంపకం జూన్‌లోనే మొదలవుతుంది

కూలి లెక్కలు తేల్చి ఇచ్చిన రోజే నోటు పుస్తకంలో రాసిపెట్టండి: విత్తిన తేదీ, పీకిన తేదీలు, జట్టుకు రోజుకు ఎన్ని సెంట్లయ్యాయి, యంత్రం ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని గంటలు ఊరికే నిలబడింది, ఎందుకు నిలబడింది. ఈ చివరి రెండు వరుసలే మళ్లీ ఎక్కడ సర్దాలో చెబుతాయి.

ఇంకొక దారి కూడా ఉంది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిన కదిరిలోని వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన రకాల్లో కదిరి-6 నూరు రోజులకు కాస్త అటూ ఇటూగా కోతకు వస్తుంది, కదిరి లేపాక్షికి దాదాపు 120 రోజులు కావాలి. ఐదెకరాలూ ఒకే రకం వేయకుండా మూడెకరాల్లో ఒకటి, రెండెకరాల్లో మరొకటి వేస్తే, ఒకే వానకు విత్తినా పీకే రోజుల మధ్య రెండు వారాలకు పైగా ఎడం వస్తుంది. అప్పుడు ఇరవై ఐదు మంది బదులు పదిహేను మందితో మూడెకరాలు రెండు రోజుల్లో పీకవచ్చు, అదే జట్టును మళ్లీ రెండో విడతకు పిలవవచ్చు. రెండు రకాల కాయలు కలిసిపోకుండా నూర్పిడికి ముందు యంత్రాన్ని ఖాళీగా కాసేపు తిప్పించి, లోపల మిగిలిన కాయను దులిపించండి.